కొండదారి సైకిలు బ్రేకులో నూనె కారుచోటు

1976వ సంవత్సరము అక్టోబరు 21వ తేదీన అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, ఫెయిర్‌ఫాక్స్ అను చిన్న ఊరి చేరువనున్న కొండబాటపై కొందరు యువకులు సైకిలు పందెము నడిపిరి. సుమారు మూడు కిలోమీటర్ల బాటలో రమారమి 400 మీటర్ల ఎత్తు దిగవలెను. వారి సైకిళ్లకు ఉన్నది పెడలును వెనుకకు తొక్కినచో పట్టుకొను పాతకాలపు బ్రేకు. అది వెనుక చక్రపు ఇరుసు గూడులోనే ఉండును. దిగువకు వచ్చుసరికి ఆ గూడులోని గ్రీజు కాలి పొగయై పోవుచుండెను. మరల ఎక్కవలెనన్న గూడు విప్పి క్రొత్త గ్రీజు కూరవలసినదే. అట్లు మరల కూరుటను ఇంగ్లీషులో ‘రీప్యాక్’ అందురు. ఆ బాటకును, ఆ పందెమునకును అదియే పేరైనది. నేడు ‘మౌంటెన్ బైక్’ అనబడు కొండదారి సైకిలు పుట్టుకను చెప్పువారు ఈ పందెమును తప్పక పేర్కొందురు.

గ్రీజు ఎందుకు కాలినది? లెక్క కట్టి చూతము. మనిషి, సైకిలు కలిసి 85 కిలోగ్రాములనుకొనుడు. 400 మీటర్లు దిగునప్పుడు పోవు స్థితిశక్తి 85 × 9.8 × 400, అనగా సుమారు 3,33,000 జౌళ్లు. ఒక లీటరు నీటిని 25 డిగ్రీల నుండి మరుగు స్థాయికి తెచ్చుటకు ఈ శక్తి చాలును. ఇందులో కొంత గాలి నిరోధమునకు పోయినను, మిగిలినదంతయు అరచేతిలో ఇముడు బ్రేకులోనే వేడిమిగా మారవలెను. కనుకనే నేటి కొండదారి సైకిళ్లలో బ్రేకును ఇరుసు గూడులో దాచక, బయట గాలి తగులునట్లు ఒక పలుచని ఉక్కు డిస్కు పెట్టి, దానిని రెండు ప్రక్కల నుండి ప్యాడ్లతో నొక్కుదురు. మంచి రకములలో ఈ నొక్కుడును చేతి నుండి చక్రము వరకు మోయునది తీగె కాదు, ద్రవము. (మన పట్టణములలో దొరకు తక్కువ ధర సైకిళ్లకు డిస్కు ఉన్నంత మాత్రమున ద్రవ బ్రేకు అని భ్రమపడరాదు. చాలవాటిలో డిస్కును నొక్కునది తీగెయే. మీట వద్ద మూతగల చిన్న నూనె తొట్టియున్నదా, తీగె కొస బయటకు కనబడుచున్నదా అని చూచినచో సంగతి తెలిసిపోవును.)

ద్రవ బ్రేకు పని పదవ తరగతి విద్యార్థికి క్రొత్త కాదు. మూసియున్న ద్రవముపై ఒకచోట కలిగించిన పీడనము తగ్గక అంతటను సమానముగా ప్రసరించునని పాస్కల్ చూపెను. ఆయన మరణానంతరము 1663లో అచ్చయిన గ్రంథములో ఈ విషయము వివరముగా నున్నది. ఈ సూత్రమును సైకిలుకు అన్వయింతము. వ్రేలితో మీటను 60 న్యూటన్ల బలముతో, అనగా సుమారు ఆరు కిలోగ్రాముల బరువంత, లాగితిమనుకొనుడు. మీట ఆ బలమును ఐదింతలు చేసి 10 మి.మీ. వ్యాసముగల పిస్టనును నెట్టును. పిస్టను వైశాల్యము 78.5 చదరపు మిల్లీమీటర్లు. 300 న్యూటన్లను ఆ వైశాల్యముతో భాగించినచో పీడనము చదరపు మిల్లీమీటరునకు 3.8 న్యూటన్లు, అనగా వాతావరణ పీడనమునకు 38 రెట్లు. చక్రము వద్ద 22 మి.మీ. వ్యాసముగల రెండు పిస్టనులు ఈ పీడనమును అందుకొని, ఒక్కొక్కటి సుమారు 1,450 న్యూటన్లతో ప్యాడును డిస్కుపై అదుమును. ఘర్షణ గుణకమును 0.4గా తీసుకొని, డిస్కు వ్యాసార్ధము, చక్రము వ్యాసార్ధము లెక్కలోనికి తెచ్చినచో, నేలపై 265 న్యూటన్ల నిరోధము లభించును. గంటకు 30 కిలోమీటర్ల వేగముతో పోవు మన 85 కిలోల సైకిలును ఆ ఒక్క చక్రమే సుమారు 11 మీటర్లలో నిలుపగలదు. ఈ కొలతలు సాధారణమైనవే. బ్రేకును బట్టి కొంచెము అటునిటు మారును.

ఒక వ్రేలి లాగుడుకు సైకిలు నూనెలో 38 రెట్ల వాతావరణ పీడనము! కారు చక్రపు ట్యూబులో ఉండునది దీనిలో పదునైదవ వంతు కూడ కాదు. ఇంత పీడనమును మోయు నూనె మీట నుండి చక్రమునకు 5 మి.మీ. మందముగల సన్నని గొట్టములో పోవుచున్నది. గొట్టపు నడుమ భాగము చాల అరుదుగా చెడును. దానికి లోపల ప్లాస్టిక్ పొర, దానిపై గట్టి నూలుతో అల్లిన జాలి, పైన మరియొక తొడుగు ఉండును. చెడునది గొట్టము చివర, లోహమునకు అతుకబడు సంధి. బ్రేకు మీట మెత్తబడినదని వచ్చు ఫిర్యాదులలో ముందుగా చూడవలసిన చోటు ఇదే. దురదృష్టవశాత్తు ఎక్కువమంది చేతితో పాడు చేయు చోటు కూడ ఇదే. ఏలయన, నూనె కారుచున్నదనగానే స్పానరు తీసికొని ఇంకొక చుట్టు బిగించుట మానవ స్వభావము.

ఆ ఇంకొక చుట్టు ఎందుకు పనికిరాదో తెలియవలెనన్న, ద్రవమును బిగబట్టు ఉపాయములలో రెండు జాతులున్నవని గ్రహింపవలెను.

మొదటి జాతికి ఒక కథ కలదు. జోసెఫ్ బ్రామా 1795లో ద్రవ పీడన యంత్రమునకు పేటెంటు పొందెను. సూత్రము చక్కగానే యున్నది గాని, పెద్ద పిస్టను చుట్టు నుండి నీరు చిమ్ముచుండెను. నారను గట్టిగా దట్టించినచో నీరు ఆగును గాని, పిస్టను కదలదు. వదులు చేసినచో పిస్టను కదలును గాని, నీరు ఆగదు. ఆ సంకటమును తీర్చినవాడు బ్రామా కర్మాగారములో పనిచేయుచుండిన హెన్రీ మాడ్స్‌లే అని చెప్పుదురు. అతడు బోర్లించిన గిన్నె అంచువలె వంచిన తోలు పట్టీని పిస్టను చుట్టు అమర్చెను. నీటి పీడనము ఆ తోలు అంచును విప్పి పిస్టనుకు అదుమును. పీడనము పెరిగిన కొలది బిగువు పెరుగును. పీడనము పోగానే పట్టు సడలి పిస్టను సులభముగా వెనుకకు వచ్చును. కారుటకు ప్రయత్నించు నీటి చేతనే కారుడును ఆపించుట! ఇంత చక్కని ఉపాయము యంత్రశాస్త్రములో తరచు కనబడదు. నీల్స్ క్రిస్టెన్‌సెన్ 1939లో పేటెంటు పొందిన రబ్బరు వలయము, అదే ‘ఓ-రింగు’, ఈ జాతిదే. గాడిలో కూర్చున్న గుండ్రని రబ్బరును పీడనము ఒక ప్రక్కకు నెట్టి, సందు మూయునట్లు అదుమును. మన బ్రేకులోని పిస్టనుల చుట్టును ఇట్టి రబ్బరు వలయములే యుండును.

రెండవ జాతిది వేరు తీరు. అందులో పీడనము సహాయము చేయదు. మొదటనే ఒక మెత్తని లోహమును బలవంతముగా వంచి, రూపు చెడగొట్టి, సందులోనికి ఒదిగించి వదలుదురు. సైకిలు మీట వద్ద గొట్టపు సంధి ఈ జాతికి చెందినది.

దానిని విప్పి చూచినచో మూడు ముక్కలుండును. గొట్టము కొస లోపలికి దిగగొట్టిన సన్నని లోహపు గొట్టము ఒకటి. దీని వెలుపలి గరుకు గొట్టమును లోపలినుండి పట్టుకొనును. దీనిని ముల్లు అందము. గొట్టము పైన తొడిగిన ఇత్తడి ఉంగరము రెండవది. రెండు కొసలు సన్నగిలి ఆలివ్ పండు ఆకారములో నుండుటచే మెకానిక్కులు దీనిని ‘ఆలివ్’ అందురు. మూడవది ఈ రెండింటిని మీట గూడులోనికి నెట్టు మర నట్టు. నట్టు బిగించినపుడు ఆలివ్ ఏటవాలు గోడల నడుమ నలిగి, లోపలి వైపునకు కుంచించుకొని, గొట్టమును ముల్లుపై అదుముకొనును. గొట్టపు గోడ ఇత్తడికి, ముల్లుకు నడుమ చిక్కుకొనును. ముల్లు లేనిచో మెత్తని గొట్టము లోపలికి ముడుచుకొని ఉంగరము పట్టు తప్పును.

ఈ ఉంగరము పని నూనెను ఆపుట మాత్రమే కాదు. గొట్టము కొస వైశాల్యము 19.6 చదరపు మిల్లీమీటర్లు. దానిపై 38 వాతావరణముల పీడనము పడినపుడు గొట్టమును బయటకు నెట్టు బలము సుమారు 75 న్యూటన్లు. అనగా మీరు మామూలుగా మీట నొక్కిన ప్రతిసారియు ఎవరో ఏడున్నర కిలోల బరువును ఆ గొట్టమునకు వ్రేలాడదీసినట్లే. అడ్డముగా లేగదూడ వచ్చినపుడు భయముతో నొక్కు నొక్కుడు దీనికి రెండు మూడు రెట్లుండవచ్చును. కనుక సరిగా పట్టని సంధి చెమ్మగిల్లుటతో ఆగక, ఒకనాడు పూర్తిగా ఊడివచ్చును. అది ఊడునది ఇంటి ముందు నిలిపినపుడు కాదు, గట్టిగా నొక్కినపుడే, అనగా బ్రేకు మిక్కిలి అవసరమైన క్షణముననే.

ఇక లోపమును కనుగొను విధము. మొదట మీటనే ప్రశ్నింపవలెను. మీటను నొక్కగా స్పాంజివలె మెత్తగానుండి, వరుసగా నాలుగైదు మారులు నొక్కినచో గట్టిపడుచున్నదా? అట్లయిన లోపల గాలి యున్నది. ద్రవము నలుగదు, గాలి నలుగును. చిన్న శనగగింజంత, అనగా పదవ వంతు ఘన సెంటీమీటరు బుడగ 38 వాతావరణముల పీడనమున దాదాపు లేనంతగా కుదించుకొని పోవును. ఆ ఖాళీని పూరించుటకు మన 10 మి.మీ. పిస్టను 1.3 మి.మీ. అదనముగా నడువవలెను, మీట కొన ఆరు మిల్లీమీటర్లకు పైగా అదనముగా నడువవలెను. ఒక్క బుడగకే ఇంత! రెండు మూడు బుడగలుండినచో మీట హాండిలుకు తగులును.

అట్లుగాక, మీట మొదట గట్టిగానుండి, పట్టియుంచినచో మెల్లమెల్లగా లోపలికి దిగుచున్నదా? అప్పుడు నూనె ఎక్కడికో పోవుచున్నది. బయటికి కారుచుండవచ్చును, లేదా మీటలోని పిస్టను రబ్బరు అరిగి లోలోపలనే తొట్టిలోనికి తప్పించుకొనుచుండవచ్చును. ఇక మీట రాయివలె గట్టిగానున్నను సైకిలు ఆగనిచో గొట్టమును నిందించుట అన్యాయము. ప్యాడ్లకు నూనె అంటియుండును.

తొట్టిలో నూనె మట్టము తగ్గుట చూచి కారుచున్నదని నిర్ణయించుట మరియొక తొందరపాటు. ప్యాడ్లు ఒక్కొక్కటి ఒక మిల్లీమీటరు అరిగినచో పిస్టనులు అంతమేర ముందుకు జరిగి, వాటి వెనుక ముప్పాతిక ఘన సెంటీమీటరు నూనె చేరును. తొట్టిలో అంతే తగ్గును. అది సహజము. క్రొత్త ప్యాడ్లు వేసి పిస్టనులను వెనుకకు నెట్టినచో ఆ నూనె తొట్టిలోనికే తిరిగి వచ్చును.

కారుచున్నదని తేలిన తరువాత ఎక్కడ అని తేల్చుట కొంత ఓపిక పని. నూనె ఒకచోట పుట్టి మరొకచోట కనబడును. తొట్టి మూత మర వద్ద స్రవించిన నూనె జారి, గొట్టపు సంధిపై నున్న రబ్బరు తొడుగులో చేరి, సంధియే కారుచున్నట్లు అబద్ధపు సాక్ష్యము చెప్పును. బిగించినప్పుడు చిందిన నూనె ఆ తొడుగు క్రింద నిలిచి పదిరోజుల తరువాత బయటపడుట కూడ కద్దు. కనుక రబ్బరు తొడుగు వెనుకకు జరిపి, సంధిని, దాని పై భాగమును శుభ్రమైన గుడ్డతోను, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతోను తుడిచి, పూర్తిగా ఆరనీయవలెను. సంధి చుట్టు తెల్లని పలుచని కాగితము చుట్టవలెను. తొట్టి మూత వద్ద మరొక ముక్క. మీటను హాండిలుకు రబ్బరు పట్టీతో కట్టి రాత్రియంతయు వదలవలెను. చక్రము మాత్రము తన చోటనే ఉండవలెను. చక్రము తీసి మీట నొక్కినచో పిస్టనులు మితిమీరి బయటకు వచ్చును. ఉదయము ఏ కాగితము తడిసినది, ఆ తడి ఏ అంచున మొదలైనది అని చూచినచో దోషి దొరకును. మీటను కట్టియుంచుట ముఖ్యము. వదలివేసిన బ్రేకులో పీడనము దాదాపు సున్నయే గనుక, కారు సంధి కూడ రాత్రియంతయు పొడిగానే యుండి మనలను మోసగించును.

నట్టు వద్దనే తడి కనబడినదనుకొనుడు. ఇప్పుడు స్పానరు సంగతి. ఈ నట్టునకు షిమానో కంపెనీ చెప్పు బిగువు 5 నుండి 7 న్యూటన్-మీటర్లు. 12 సెం.మీ. స్పానరు కొసను సుమారు ఐదు కిలోల బలముతో లాగినచో ఈ బిగువు వచ్చును. మణికట్టు చాలును, భుజముతో పని లేదు. మర వ్యాసము 8 మి.మీ. అనుకొని లెక్కించినచో అంతమాత్రపు త్రిప్పుడే ఉంగరముపై రమారమి 3,700 న్యూటన్ల, అనగా 370 కిలోల బరువంత అదుముడు కలిగించును. ఏటవాలు మర మహిమ అది. బిగువు ఈ కొలతకు తక్కువయున్నచో అంతవరకు బిగించుట సబబే. అంతవరకు బిగించియున్నను కారుచున్నచో మరి బిగించుట వలన మేలు లేదు.

ఏలయన, ఆలివ్ ఇదివరకే నలిగి తన రూపును తెచ్చుకొన్నది. చల్లగానుండగా వంచిన ఇత్తడి గట్టిపడునని రసాయనోపాధ్యాయులకు తెలియును. ఒకసారి నలిగిన ఉంగరము మొదటివలె మెత్తగా ఒదుగదు. దానిపై అడ్డముగా ఒక గీత యున్నచో అది నూనెకు కాలువ. సన్నని సందులో పారు ద్రవము సందు వెడల్పు ఘనమును బట్టి యుండును: వెడల్పు సగమైన ప్రవాహము ఎనిమిదవ వంతగును. అదనపు బిగింపుతో కారుడు కొన్నాళ్లు తగ్గినట్లు కనబడుటకు కారణమిదే, ఆగలేదు, తగ్గినది. ఆ లోపల గొట్టపు ప్లాస్టిక్ గోడ అధిక బలమునకు మెల్లగా పారి పలుచనగుచుండును. పట్టు మరల సడలును. ఇంకను బిగించినచో మీట గూడులోని అల్యూమినియపు మర తెగును. అప్పుడు చిన్న ఉంగరముతో పోవలసిన పని మీట మొత్తము మార్చువరకు వచ్చును.

చేయవలసినది విప్పుట. విప్పి చూచినచో కారణము సాధారణముగా కంటికే కనబడును. గొట్టము కొస ఏటవాలుగా తెగియుండును. తీగెలు కత్తిరించు కట్టరుతో కత్తిరించినచో కొస నలిగి కోలగా మారును. ఇది తరచు కనబడు తప్పు. లేదా ముల్లు పూర్తిగా దిగక, దాని అంచునకు గొట్టమునకు నడుమ సందు మిగిలియుండును. లేదా నట్టు బిగించునపుడు గొట్టమును లోపలికి నెట్టిపట్టక పోవుటచే ఆలివ్ కొస చివరనే కరచియుండును. లేదా ఒక రకము గొట్టమునకు వేరొక రకము ముల్లు వేసియుందురు. వెలుపలి మందము ఒకటేయైనను లోపలి రంధ్రము రకమును బట్టి మారును. షిమానోవారి బిహెచ్59, బిహెచ్90 గొట్టముల ముళ్లు ఒకదానికొకటి పనికిరావు.

నివారణ ఒకటే. పాత ఆలివ్, పాత ముల్లు ఉన్న కొసను పదునైన కత్తితో నిట్టనిలువుగా కోసివేయవలెను. సెంటీమీటరు పొడవు పోవును. గొట్టము అప్పటికే పొట్టిదైనచో క్రొత్త గొట్టమే శరణ్యము. హాండిలు పూర్తిగా త్రిప్పినపుడు గొట్టము బిగుసుకొనరాదు. నట్టును, క్రొత్త ఆలివ్‌ను ముందుగానే గొట్టమునకు తొడిగి (ఇది మరచినవారు ముల్లు దిగగొట్టిన పిదప గుర్తు తెచ్చుకొందురు), గొట్టమును చెక్కదిమ్మెలో బిగించి, క్రొత్త ముల్లును అంచు ఆనువరకు తట్టవలెను. పిదప గొట్టమును గూడులో అడుగంటునట్లు నెట్టిపట్టి, నట్టును మొదట చేతితోనే త్రిప్పి, చివరకు కొలత ప్రకారము బిగింపవలెను. చేతితో రెండు మూడు చుట్లు తిరుగని నట్టు మర తప్పి ఎక్కినదని తెలిసికొనుడు. అటుపిమ్మట లోపల చేరిన గాలిని క్రొత్త నూనెతో వెడలగొట్టి, కాగితపు పరీక్ష మరల చేయవలెను.

చక్రము వద్ద కొన్ని బ్రేకులలో సంధి వేరుగా నుండును. రంధ్రముగల బోల్టు ఒక వలయాకారపు తలలోనుండి దూరి, ఆ తలకు రెండు ప్రక్కల ఓ-రింగులుండును. ఇది మొదటి జాతి బిగింపు. ఇక్కడ కారుచున్నచో రబ్బరు తెగియుండును, లేదా గాడిలో ఇసుక రేణువు చిక్కియుండును. గాడి తుడిచి రింగు మార్చినచో చాలును. ఇక్కడ కూడ బిగింపు మందు కాదు. లోహము లోహమునకు ఆనిన తరువాత రబ్బరునకు అదనపు బిగువు చేరదు. ఇది వెంటనే సరిచేయవలసిన చోటు, ఏలయన ఇక్కడినుండి జారు నూనె డిస్కుపైనను ప్యాడ్లపైనను పడును. నూనె పీల్చిన ప్యాడును కాల్చియు, గీకియు బాగుచేయు చిట్కాలు వాడుకలో నున్నవి. కొండ దిగువారు వాటిని నమ్మరాదని నా అభిప్రాయము.

నూనె గూర్చి ఒక మాట. కొన్ని బ్రేకులలో ఖనిజ నూనె, కొన్నింటిలో ‘డాట్’ అను ముద్రగల ద్రవము వాడుదురు. ఖనిజ నూనె బ్రేకులలో సాధారణముగా నైట్రైల్ రబ్బరు, డాట్ బ్రేకులలో ఇ.పి.డి.ఎమ్. రబ్బరు ఉండును. ఒకదాని ద్రవము రెండవదానిలో పోసినచో రబ్బరు ఉబ్బి, పిస్టనులు పట్టుకొని, చక్కని సంధులు కూడ కారనారంభించును. డాట్ ద్రవము గాలిలోని తేమను పీల్చును. డాట్ 5.1 రకము క్రొత్తగానున్నప్పుడు కనీసము 260 డిగ్రీల వరకు మరుగదు. నీరు చేరిన పిదప ఆ హద్దు 180కి దిగును. మూత తెరచిన సీసా ఏడాది తరువాత వాడుట మంచిది కాదు. అది చర్మమునకు, రంగునకు హాని చేయును, చేతితొడుగులు వేసికొనవలెను.

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో చూపుటకు సైకిలు అక్కరలేదు. రెండు ప్లాస్టిక్ సిరంజీలు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, సూదులు తీసివేసి, సెలైను గొట్టపు ముక్కతో కలిపి, రంగు నీరు నింపుడు. చిన్నదానిని ఒక విద్యార్థి, పెద్దదానిని మరియొకడు నొక్కినచో చిన్నదానివాడే గెలుచును. పిదప కావలెనని ఒక బుడగ విడచి మరల నొక్కించుడు. చేతికి తగులు మెత్తదనమే చెడిన బ్రేకు మీట మెత్తదనము. చివరగా పెద్ద సిరంజిని కదలకుండ పట్టి చిన్నదానిని బలముగా నొక్కుడు. కొంతసేపటికి గొట్టము సిరంజి మూతి నుండి టక్కున ఊడి రంగునీరు చిమ్మును. నీరు చిమ్మినది గొట్టపు నడుమ నుండి కాదు, సంధి నుండియని పిల్లలు తామే చెప్పుదురు. ఆ మూతికి దారము బిగించి కట్టినపుడు ఎంత బలము వరకు ఆగునో, రెండు చుట్లకు, నాలుగు చుట్లకు భేదమెంతో త్రాసు పళ్లెముపై నిలిపి కొలిపించవచ్చును. బట్టలకు అంటని రంగు వాడుడు.